ఫారంలోకి ఎక్కని జబ్బు

తాండవ నదికి ఆ ఒడ్డున తుని, ఈ ఒడ్డున పాయకరావుపేట. వంతెన దాటితే జిల్లా మారుతుంది గానీ, ఒంట్లో బాగోలేనప్పుడు రెండు ఊళ్ల జనానిదీ ఒకటే దారి. చిన్నాచితకా జబ్బుకు తుని. గుండెకో కిడ్నీకో వస్తే విశాఖపట్నం, లేదంటే కాకినాడ. కరోనా రెండో విడతలో ఆ పెద్ద ఊళ్ల ఆసుపత్రి బిల్లులు చూసి బెంబేలెత్తినవాళ్లు ఇప్పుడు ఆరోగ్య బీమా వైపు చూస్తున్నారు. మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు నడిపేవాళ్లు, నక్కపల్లి వైపు మందుల ఫ్యాక్టరీల్లో చేసే కుర్రాళ్లు, తీరం వెంబడి రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసేవాళ్లు, పిల్లలు విదేశాల్లో ఉన్న రిటైర్డ్ మాస్టార్లు... అందరికీ పాలసీ కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీని పూర్తిగా ఎత్తేయడంతో, ఇంతకాలం వెనకాడినవాళ్లు కూడా ముందుకొస్తున్నారు.

మంచి పరిణామమే. అయితే కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోని ఒక పేజీ, క్లెయిము రోజున మిగతా పేజీలన్నిటినీ మింగేస్తుంది. అది ప్రపోజల్ ఫారంలో గత వైద్య చరిత్ర అడిగే పేజీ. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా, ఏవైనా ఆపరేషన్లు జరిగాయా, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా? అవును, కాదు అనే రెండు గడుల్లో టిక్కు పెట్టడమే. రెండు మూడేళ్ల తర్వాత గుండెపోటుతో విశాఖలో చేరినప్పుడు, ఆ టిక్కు తప్పు పడిందని కంపెనీ తేల్చితే క్లెయిము పోతుంది. పాలసీ కూడా రద్దు కావచ్చు. అప్పటిదాకా కట్టిన ప్రీమియం వెనక్కి వస్తుందన్న భరోసా లేదు.

నిజం చెప్పడం కొనేవారి విధి. అందులో రాజీకి తావు లేదు. కానీ ‘దాచిపెట్టారు’ అనే ముద్ర పడుతున్నవాళ్లలో చాలామంది దాచాలని దాచినవాళ్లు కారు. కొందరిని ఎవరూ అర్థమయ్యేలా అడగలేదు. కొందరు చెప్పారు, రాయాల్సినవాళ్లు రాయలేదు. ఈ తేడాను మన చట్టం, నియంత్రణ వ్యవస్థ ఇంకా సరిగా పట్టించుకోవడం లేదు.

తెలుగు నేల మీద ఈ సమస్యకు ప్రత్యేకమైన నేపథ్యం ఒకటి ఉంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. దాదాపు రెండు దశాబ్దాలుగా ఇక్కడి పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ‘ఆరోగ్య బీమా’ అంటే ఈ కార్డే. దీనికోసం ఎవరూ వైద్య చరిత్ర ఫారం నింపలేదు. పదేళ్ల నాటి గుండె జబ్బైనా, పుట్టుకతో వచ్చిన లోపమైనా, జాబితాలో ఆ చికిత్స ఉంటే చాలు. జబ్బు ముందే ఉందా అన్న ప్రశ్న చికిత్సకు అడ్డం రాలేదు. ప్రజారోగ్య విధానంగా అది గొప్ప విషయం, దాని విలువను ఎవరూ తక్కువ చేయకూడదు.

కానీ దాని వల్ల మన జనానికి ఒక అలవాటు కుదరలేదు. బీమా ఒప్పందంలో ఒంటి సంగతి ముందే పూసగుచ్చినట్టు చెప్పాలన్న అలవాటు అది. తండ్రికి ఆరోగ్యశ్రీలో స్టెంటు వేశారు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చాడు. అక్కడా సాధారణంగా వైద్య చరిత్ర అడగరు, మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ కవరేజీ ఉంటుంది. ఉద్యోగం మారినప్పుడో, ఊళ్లోనే వ్యాపారం పెట్టినప్పుడో మొదటిసారి సొంతంగా పాలసీ కొంటాడు. ఆ కుటుంబం చరిత్రలో ఈ ప్రశ్న ఎదురవడం అదే మొదలు. దాని బరువెంతో చెప్పేవాళ్లు ఎవరూ ఎదుట ఉండరు.

ఎదుట ఉండేది ఏజెంటు. ఎక్కువగా తెలిసినవాడే, దూరపు బంధువో, పక్క వీధి కుర్రాడో. కొట్టు కౌంటర్ మీద ట్యాబ్ పెట్టి ఇంగ్లిష్ ఫారం తెరుస్తాడు. షుగర్ మాట వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. “షుగర్ అని పెడితే ప్రీమియం పెరుగుద్ది బాబాయ్. టెస్టులంటారు, విశాఖ వెళ్లాలంటారు. మాత్రతో కంట్రోల్‌లోనే ఉంది కదా, వదిలేద్దాం.” కొట్టాయన చిల్లర లెక్కపెట్టుకుంటూ, “నీకు తెలీనిదేముందిరా, నువ్వే చూసి పెట్టు” అంటాడు. ఫోనుకు ఓటీపీ వస్తుంది, అంకెలు చదివి చెబుతాడు. ఆ అంకెలతోనే ఫారంలోని ప్రతి సమాధానమూ చట్టం దృష్టిలో ఆయన సొంత మాటవుతుంది. మర్నాడు కంపెనీ వైద్య విభాగం నుంచి ఫోన్ వస్తే, నలుగురు కస్టమర్ల మధ్య నిలబడి అన్నిటికీ “లేదండి, లేదండి” అనేస్తాడు. ఆ సంభాషణ రికార్డవుతుంది.

ఇక్కడ ఏజెంటు చేసింది చిన్న తప్పేమీ కాదు. బీమా ఏజెంట్ల నియామకంపై 2016లో వచ్చిన నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళి, కొనేవారిని ప్రపోజల్ ఫారంలో ముఖ్య సమాచారం వదిలేయమని ప్రేరేపించకూడదని సూటిగా చెబుతోంది. కొనేవారి గురించి తనకు తెలిసిన ముఖ్య విషయాలను కంపెనీకి తెలపడం కూడా ఏజెంటు బాధ్యతే. కానీ వివాదం వచ్చినప్పుడు ఆయన ఎక్కడా కనిపించడు. ఇంకొకరి ఫారం నింపిపెట్టే ఏజెంటు ఆ పనికి సంబంధించినంత వరకు సంతకం పెట్టినవాడి తరఫు మనిషేనని 1929లో ఇంగ్లండ్ కోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ ఆలోచన నీడ మన దగ్గర ఇప్పటికీ తొలగలేదు. కమిషన్ ఇచ్చేది కంపెనీ, శిక్షణ ఇచ్చేది కంపెనీ, టార్గెట్ పెట్టేదీ కంపెనీ. తప్పు రాసినప్పుడు మాత్రం అతను కొన్నవాడి మనిషి అనడం న్యాయంగా లేదు.

ఏజెంటు నిజాయతీపరుడే అనుకుందాం. కొన్నాయన కూడా దాచాలనుకోలేదు. అప్పుడైనా సమాధానం సరిగా వస్తుందా? మన ఊళ్ల వైద్యం తీరు చూస్తే అనుమానమే. బీపీ మాత్ర చాలామందికి మొదలయ్యేది ఆర్‌ఎంపీ దగ్గర. చీటీ ఉండదు. తర్వాత మెడికల్ షాపులో పాత మాత్ర అట్ట చూపించి కొనుక్కుంటూ పోతారు. ఉచిత వైద్య శిబిరంలో ఒకసారి బీపీ ఎక్కువ చూపించింది, తర్వాత ఎవరూ చూడలేదు. ఇది ‘నిర్ధారణ అయిన జబ్బు’ కిందకు వస్తుందా? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం, పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లోపు డాక్టరు నిర్ధారించినది, లేదా డాక్టరు సలహా గానీ చికిత్స గానీ అందినది ముందే ఉన్న జబ్బు. ఆ డాక్టరు గుర్తింపు ఉన్నవాడై ఉండాలి. లెక్క ప్రకారం చూస్తే ఆర్‌ఎంపీ సలహా ఆ నిర్వచనంలోకి రాదు. అయితే అదే ఫారంలో ‘రోజూ ఏవైనా మందులు వాడుతున్నారా’ అన్న ప్రశ్న వేరుగా ఉంటుంది. దానికి నిజమైన జవాబు ‘అవును’. ఈ రెండింటి మధ్య తేడా వివరించి చెప్పే మనిషి ఆ కౌంటర్ దగ్గర ఉండడు.

ఆడవాళ్ల సంగతి ఇంకా లోతైనది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలోకెల్లా అదే ఎక్కువ, మన తర్వాతి స్థానం తెలంగాణది. ముప్పై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు లేని ఊరు మన వైపు అరుదు. అంత మామూలైపోయింది కాబట్టే, ఫారం నింపేటప్పుడు ‘ఆపరేషన్లేమైనా జరిగాయా’ అని అడిగితే అది ఎవరికీ గుర్తు రాదు. పైగా చాలా ఇళ్లలో భార్య వైద్య చరిత్ర చెప్పేది భర్త. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, గర్భసంచి ఆపరేషన్, థైరాయిడ్ మాత్ర, కాన్పు సమయంలో వచ్చిపోయిన షుగర్... ఇవేవీ ఆయన లెక్కలో జబ్బులు కావు. ఆమెను పిలిచి అడగరు. తన ఒంటి గురించిన ఫారంలో ఒక్క ముక్క కూడా ఆమె నోటి నుంచి వచ్చినది ఉండదు. రేపు క్లెయిము పోతే నష్టం మాత్రం ఆమె చికిత్సకే.

అసలు సమస్య బయటపడేది ఆసుపత్రిలో. కేసు షీటు గురించి ప్రతి పాలసీదారుడూ తెలుసుకోవాలి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేర్చినప్పుడు డ్యూటీ డాక్టరు గబగబా ప్రశ్నలు వేస్తారు. రోగి స్పృహలో ఉండకపోవచ్చు. పక్కనున్న భార్యో తమ్ముడో “షుగర్ ఎప్పట్నుంచో ఉందండి” అంటారు. డాక్టరు కాగితం మీద అది ‘పదేళ్లుగా మధుమేహం’ అవుతుంది. నిజానికి షుగర్ బయటపడింది పాలసీ తీసుకున్నాకే అయ్యుండవచ్చు. ఆ ఒక్క అంకెతో పాలసీ తర్వాత వచ్చిన జబ్బు పాలసీకి ముందున్న జబ్బుగా మారిపోతుంది. కంపెనీ పంపే విచారణాధికారి మొదట ఫొటో తీసుకునేది ఆ పేజీనే. రోగి బంధువులు గాబరాలో చెప్పిన మాటను పట్టుకుని, దానికి ఆధారంగా పాత చికిత్స రికార్డు గానీ డాక్టరు వాంగ్మూలం గానీ లేకుండా క్లెయిము తిరస్కరించడం చెల్లదని వినియోగదారుల కమిషన్లు పలుమార్లు చెప్పాయి. దాచారని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. కానీ ఆ తీర్పు చేతికొచ్చేసరికి ఆ కుటుంబం వడ్డీకి తెచ్చిన డబ్బుతో బిల్లు కట్టేసి ఉంటుంది.

కోర్టులు ఎటువైపు ఉన్నాయి? ఎవరి పక్షాన ఉన్నాయని ఒక్క మాటలో చెప్పలేం, చెప్పకూడదు కూడా. బీమా ఒప్పందం పరమ విశ్వాసం మీద నిలుస్తుందన్న సూత్రం 1766 నాటిది. సుమత్రా దీవిలోని ఒక కోటకు చేసిన బీమా మీద వచ్చిన కార్టర్–బోమ్ వివాదంలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని స్థిరపరిచారు. అదే సూత్రం మీద 2009లో సత్వంత్ కౌర్ సంధు కేసులో మన సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. అక్కడ పాలసీదారుడు మధుమేహం, కిడ్నీ వ్యాధి ఉండి కూడా ఆరోగ్యంగా ఉన్నానని రాశారు. బీమా ఇవ్వాలా వద్దా అన్న కంపెనీ నిర్ణయాన్ని మార్చగల సమాచారం ఏదైనా ముఖ్య సమాచారమేనని కోర్టు చెప్పింది. 2020లో దల్బీర్ కౌర్ కేసు, అది జీవిత బీమా గురించి అయినా, ఇదే దారిలో నడిచింది.

మరోవైపు 2021 డిసెంబరులో వచ్చిన మన్మోహన్ నందా తీర్పు ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రులందరూ దీన్ని తెలుసుకోవాలి. ఆయన ప్రయాణ వైద్య బీమా తీసుకుంటూ షుగర్ ఉందని చెప్పారు, కంపెనీ కోరిన పరీక్షలు చేయించుకున్నారు. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది, మూడు స్టెంట్లు వేశారు. కొలెస్ట్రాల్ మందు వాడుతున్న సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిము తోసేసింది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ నాగరత్నల ధర్మాసనం దానికి ఒప్పుకోలేదు. ఆరోగ్య స్థితిని పరిశీలించాకే పాలసీ ఇచ్చారు కాబట్టి, తర్వాత ఆ జబ్బునే సాకుగా చూపకూడదని తేల్చింది. 2023లో ఓంప్రకాశ్ అహూజా కేసులో గుండె జబ్బు చెప్పలేదన్న కారణంతో అండాశయ క్యాన్సర్ చికిత్స క్లెయిమును నిరాకరించడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ రెండింటికీ సంబంధం లేదంది. బీపీ ఉన్నవాళ్లందరికీ గుండెపోటు రాదు కాబట్టి దాన్ని చెప్పలేదని క్లెయిము కొట్టేయడం కుదరదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2016లో సతీశ్ చందర్ మదన్ కేసులో అంది.

ఈ తీర్పులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. చెప్పినవాళ్లు, చెప్పని జబ్బుకు క్లెయిముతో సంబంధం లేనివాళ్లు ఎక్కువగా గెలిచారు. తెలిసి పెద్ద జబ్బు దాచినవాళ్లు ఓడిపోయారు. ఈ రెండిటికీ నడుమ, చెప్పాలని తెలియక చెప్పనివాళ్ల గతి మాత్రం బెంచిని బట్టి, లాయరును బట్టి, ఆసుపత్రి కాగితాలను బట్టి మారుతోంది. ఆ నడిమి వర్గమే పాయకరావుపేటలాంటి ఊళ్లలో పాలసీ కొంటున్న జనం.

బ్రిటన్ ఈ సమస్యను 2012లో చేసిన చట్టంతో తేల్చుకుంది. తనకు తెలిసినదంతా కొనేవాడే తనంతట తాను చెప్పాలన్న పాత బాధ్యతను, సామాన్య వినియోగదారుడి విషయంలో అక్కడ తీసేశారు. కంపెనీ స్పష్టంగా అడగాలి. అడిగినదానికి తగినంత జాగ్రత్తతో తప్పు లేకుండా చెప్పడమే కొనేవాడి పని. తెలిసి అబద్ధం చెబితే పాలసీ రద్దు. ఏమరుపాటుతో తప్పు చెబితే, నిజం తెలిసుంటే కంపెనీ ఏం చేసేదో అంతవరకే. ఎక్కువ ప్రీమియం వసూలు చేసేదైతే క్లెయిము ఆ నిష్పత్తిలో తగ్గుతుంది, పూర్తిగా పోదు. బీమా సూత్రం పుట్టిన దేశమే దాన్ని ఇలా సరిదిద్దుకుంది. మన చట్టం ఇంకా పాత చోటే ఎందుకు ఉండాలి? జబ్బు చెప్పలేదని తేలాక కూడా పాలసీని కొనసాగిస్తూ, ఆ ఒక్క జబ్బుకు అదనపు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిము వర్తించని నిరీక్షణ కాలం) పెట్టడం, అదనపు ప్రీమియం తీసుకోవడం లాంటి మార్గాలు మన నిబంధనల్లోకీ వచ్చాయి. కానీ అవి కంపెనీ ఇష్టానికి వదిలిన మార్గాలు. వాటిని పాలసీదారుడి హక్కుగా మార్చాలి. మోసం రుజువైతే తప్ప పాలసీ రద్దు మొదటి ఆయుధం కాకూడదు.

అలాగని మార్పులు రాలేదని కాదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు పాలసీదారుడి వైపు బాగానే మొగ్గాయి. ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత సమాచారం చెప్పలేదన్న కారణంతో క్లెయిము కాదనకూడదు. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లు. అదే ఏడాది మే 29 నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, కంపెనీలోని సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు.

ఈ 60 నెలల నిబంధన మీద ఒక ప్రమాదకరమైన ప్రచారం నడుస్తోంది. “అయిదేళ్లు ఎలాగో గడిపేస్తే చాలు, తర్వాత ఏం చెప్పకపోయినా ఇస్తారు” అని కొందరు ఏజెంట్లే చెబుతున్నారు. ఇది సగం నిజం. మోసం రుజువైతే 60 నెలలు దాటినా రక్షణ ఉండదు. పైగా గుండెపోటు ఆ గడువు చూసుకుని రాదు. లెక్క వేసుకుని చూడండి. నలభై అయిదేళ్ల మనిషి బీపీ ఉందని చెప్పి పాలసీ తీసుకుంటే, మహా అయితే మూడేళ్లకు, అంటే నలభై ఎనిమిది నిండేసరికి, ఆ బీపీ వల్ల వచ్చే జబ్బులకు కూడా కంపెనీ డబ్బు ఇవ్వాల్సిందే. దాచిన మనిషి యాభై ఏళ్ల దాకా ప్రతి క్లెయిముకూ భయపడుతూ ఉండాలి. డెంగ్యూకు ఆసుపత్రిలో చేరినా కేసు షీటులో పాత బీపీ బయటపడవచ్చు. చెప్పడం నీతి కోసం మాత్రమే కాదు, డబ్బు లెక్కలో కూడా అదే లాభం.

‘చెబితే అసలు పాలసీయే ఇవ్వరేమో’ అన్న భయం నిరాధారం కాదు. స్టెంటు వేసుకున్నవాళ్లను, డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లను కంపెనీలు కాదంటున్నాయి. అలాంటివాళ్లకు అబద్ధం దారి కాదు, ప్రభుత్వమే దారి. అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల రూపాయల కవరేజీ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందనను కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ వర్తించేలా సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది. ఈ విధానంలో బీమా కంపెనీల పాత్ర పెరగనుంది. కాబట్టి ఒక హెచ్చరిక అవసరం. ఆరోగ్యశ్రీకి ప్రాణంలాంటి లక్షణం, పాత జబ్బా కొత్త జబ్బా అని చూడకపోవడం. కంపెనీల చేతికి వెళ్లినా ఆ లక్షణం చెక్కుచెదరకూడదు.

విదేశాలకు వెళ్లే తల్లిదండ్రుల విషయం మరోటి. అక్కడి విజిటర్స్ ఇన్సూరెన్స్ చాలావరకు ముందే ఉన్న జబ్బులను అసలు కవర్ చేయదు. కొన్నిటిలో, పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే పరిమితంగా చెల్లిస్తారు, అదీ 24 గంటల్లో చికిత్సకు వెళితేనే వర్తించే షరతులతో. పిల్లలు ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ప్లాన్ కొనేసి “అన్నీ కవర్ అవుతాయి నాన్నా” అనడం, నాన్న తన గుండె మాత్రల సంగతి పిల్లలకే చెప్పకపోవడం, రెండూ జరుగుతున్నాయి. విమానం ఎక్కే ముందు డాక్టరు చీటీలన్నీ ఒకసారి పిల్లలకు వాట్సాప్ చేయండి.

ఇక నియంత్రణ సంస్థ చేయాల్సినది. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో, తెలుగు నేల మీదే ఉంది. పాలసీ పత్రాలను రాజ్యాంగం గుర్తించిన భాషల్లో ‘పరిస్థితులను బట్టి’ ఇవ్వవచ్చని దాని 2017 నాటి నిబంధనలు అన్నాయి. 2024 సర్క్యులర్ ప్రకారం, పాలసీదారుడు కోరితే సమాచార పత్రాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. కానీ తెలుగు కావాల్సింది పాలసీ వచ్చాక కాదు, ప్రశ్న అడిగేటప్పుడు. వైద్య చరిత్ర పేజీ ప్రతి కొనుగోలుదారుడికీ తన భాషలోనే కనపడాలి. ఓటీపీకి ముందు ఆ జవాబులన్నీ తెలుగులో ఫోనుకు రావాలి. భార్య వైద్య చరిత్రకు భార్య ఓటీపీ, తల్లి వైద్య చరిత్రకు తల్లి ఓటీపీ ఉండాలి. ‘గర్భసంచి తీశారా, థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా, ఆర్‌ఎంపీ రాసిన బీపీ మాత్ర వేసుకుంటున్నారా’ అని మన జనం మాట్లాడే మాటల్లో ప్రశ్నలు ఉండాలి. ఇలా అడగని కంపెనీకి, తర్వాత దాచారని చెప్పే హక్కు ఉండకూడదు. చెప్పినా ఏజెంటు రాయలేదని తేలితే ఆ నష్టం కంపెనీ భరించాలి, ఎందుకంటే అతను కంపెనీ మనిషి.

2023–24లో దేశంలో ఆరోగ్య బీమా కంపెనీల ముందుకొచ్చిన క్లెయిముల విలువ రూ.1.17 లక్షల కోట్లు. అందులో చెల్లించింది సుమారు 71 శాతమే. మిగతాదంతా అన్యాయంగా ఆపేశారని అనలేం. కానీ అన్యాయం జరిగిందనుకున్నప్పుడు వెళ్లే చోట్లు పాయకరావుపేటలో ఎంతమందికి తెలుసు? మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టాలి. 30 రోజుల్లో తేలకపోయినా, తేలింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. తీర్పు వచ్చాక 30 రోజుల్లో కంపెనీ చెల్లించకపోతే రోజుకు 5,000 రూపాయలు ఫిర్యాదుదారుడికి అదనంగా కట్టాలి. అది కాకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా, చెన్నైలో ఉన్నా మీరు అక్కడికి వెళ్లక్కర్లేదు.

ఇప్పటికే పాలసీ ఉన్నవాళ్లు ఈ వారమే ఒక పని చేయండి. పాలసీతో పాటు వచ్చిన ప్రపోజల్ ఫారం నకలు వెతికి తీయండి, దొరక్కపోతే కంపెనీని అడిగి తెప్పించుకోండి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా ఆడవాళ్లను, పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్నలు వాళ్లనే అడగండి. తప్పు కనపడితే ఆ సంగతి ఈమెయిల్‌లో కంపెనీకి తెలిపి, జవాబు భద్రపరచుకోండి. కొత్తగా తీసుకున్నవాళ్లకు పాలసీ పత్రం చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది, ఆలోగా నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. కొత్తగా కొనబోతున్నవాళ్లు ఏజెంటు చేతిలోని ట్యాబ్ తమ చేతికి తీసుకోండి. ఇంగ్లిష్ రాకపోతే చదివి చెప్పమనండి. చదివి చెప్పేదాకా ఓటీపీ ఇవ్వకండి.